అడ్డుతెర మీద తెలుగు అక్షరాలు: టైపు చేయడం కాదు, దిద్దించడం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. సింగిల్ హెడ్ ఎంబ్రాయిడరీ మెషీను పెట్టుకున్నారు. ఇంగ్లీషు పేర్లు, స్కూలు బ్యాడ్జీలు ఇబ్బంది లేకుండా వస్తున్నాయి. ఇప్పుడు ఒక పెళ్లివారు అడ్డుతెర మీద ‘శ్రీరస్తు శుభమస్తు’, పెళ్లికూతురి జాకెట్టు మీద తెలుగులో ‘లక్ష్మీ ప్రసన్న’ అడిగారు. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే ‘శ్రీ’ ముక్కలై, శకారం ఒకచోట, రకారం ఒకచోట పడుతోంది. బొమ్మగా తెచ్చి, దాన్ని సాఫ్ట్‌వేరే కుట్లుగా మార్చే ఆటో డిజిటైజ్ నొక్కితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయాయి, గుడ్డ ముడతలు పడింది. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఈ బాధ తీరుతుంది అని అడిగారు.

ఏదీ కొనకండి. ఉన్నదానితోనే అవుతుంది. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో పాడుచేసిన తెలుగు అక్షరాలనూ చూశాను, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముత్యాల్లా తీసినవాటినీ చూశాను. తేడా అంతా ఒక్కచోట ఉంది. ఇంగ్లీషు పేరును మెషీనుకు టైపు చేసి ఇవ్వవచ్చు. తెలుగు పేరును మాత్రం పిల్లవాడి చేత పలక మీద దిద్దించినట్టు, గీత గీతగా దిద్దించాలి.

ముందు ‘శ్రీ’ ఎందుకు విరిగిందో చెబుతాను. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఎంబ్రాయిడరీ అక్షరాలు మామూలు ఫాంట్లు కావు. ప్రతి అక్షరానికీ కుట్టు దిశ, మందం, మొదలు, చివర ముందే ఎవరో కూర్చుని అమర్చి పెట్టారు. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, పది అంకెలు అమర్చితే పని అయిపోతుంది. మనకు హల్లులు, వాటికి గుణింతాలు, ఒత్తులు, ఒత్తు కింద ఒత్తు. అన్ని కలయికలు అమర్చే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇక మామూలు తెలుగు ఫాంటును ఎంచుకుని టైపు చేసినప్పుడు జరిగేది వేరు. కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షర సంకేతాల పట్టిక యూనికోడ్‌లో ‘శ్రీ’ అనేది ఒక్క గుర్తు కాదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు గుర్తుల వరుస. వాటిని కలిపి ఒకే రూపంగా కంప్యూటర్ తెర మీద చూపించే యంత్రాంగం సాఫ్ట్‌వేర్ లోపల ఉండాలి. బ్రౌజర్లలో, ఫోన్లలో అది ఉంటుంది. చాలా ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లలో, ముఖ్యంగా పాత వెర్షన్లలో, ఉండదు. అందుకే నాలుగు గుర్తులూ నలుగురు అపరిచితుల్లా పక్కపక్కన నిలబడతాయి.

కాబట్టి టైపింగును ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్‌లో చేయనే వద్దు. ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో తెలుగు యూనికోడ్ సరిగ్గా కలుస్తుంది. అక్కడ టైపు చేసి, కావలసిన ఎత్తుకు మిల్లీమీటర్లలో పెట్టి, అక్షరాలను గీతలుగా మార్చండి (షిఫ్ట్, కంట్రోల్, సి కలిపి నొక్కితే చాలు). కోరల్‌డ్రా అలవాటుంటే కంట్రోల్‌తో క్యూ నొక్కండి. ఒకసారి గీతలుగా మారాక అది ఇక అక్షరం కాదు, బొమ్మ. ఏ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లినా విరగదు. దానికంటే దగ్గరి దారి కూడా ఉంది. పెళ్లిపత్రిక కంపోజ్ చేసిన డీటీపీ సెంటరు ఎలాగూ ఉంటుంది కదా. అక్కడ ఇప్పటికీ ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో పనిచేసేవారు ఉంటారు. అవి యూనికోడ్‌కు ముందు తరానివి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టినవి. మీ దగ్గర ఆ ఫాంటు లేకపోయినా, వారినే అక్షరాలను గీతలుగా మార్చి ఫైలు ఇమ్మనండి. పెళ్లిపత్రిక మీద ఉన్న అక్షరమే అడ్డుతెర మీద కూడా వచ్చిందని పెళ్లివారు మురిసిపోతారు.

ఫాంటు ఎంపికలోనే సగం పని తేలిపోతుంది. పుస్తకాల కోసం గీసిన ఫాంట్లలో గీత ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకలా ఉంటుంది. కాగితం మీద అది అందం. దారానికి అది ఉరి. గీత మందం అంతటా ఒకేలా ఉన్న ఫాంటు తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి మధ్యస్థమైన మందంతో బాగా కుదురుతుంది. బాలూ తమ్ముడు గుండ్రటి చివరలతో పిల్లల బట్టలకు ముద్దుగా ఉంటుంది. రామభద్ర చాలా లావు. అడ్డుతెర అంత పెద్ద అక్షరాలకు సరే కానీ జాకెట్టు మీద వద్దు, అక్షరంలో గాలి ఆడదు. నాకు ఎక్కువగా అక్కరకు వచ్చేది అనేక్ తెలుగు, ఎందుకంటే అందులో మందాన్నీ వెడల్పునూ వేర్వేరుగా ఎంచుకోవచ్చు. కాస్త వెడల్పు రకాన్ని తీసుకుంటే ఎత్తు పెంచకుండానే అక్షరాల లోపలి ఖాళీ పెరుగుతుంది. ఇవన్నీ వ్యాపారానికి కూడా స్వేచ్ఛగా వాడుకోదగిన లైసెన్సుతో వచ్చినవే.

ఇప్పుడు అసలు పని. మన వృత్తిలో డిజిటైజింగును ఇప్పటికీ ‘పంచింగ్’ అంటాం. కాగితం టేపు మీద రంధ్రాలు పొడిచి పాత యంత్రాలకు డిజైను ఇచ్చిన రోజుల మాట అది. టేపు పోయింది, మాట నిలిచింది. పంచింగులో తెలుగు అక్షరానికి నేను పాటించే పద్ధతి ఇది: తెచ్చుకున్న బొమ్మను వెనక లేతరంగులో పెట్టుకుని, దాని అంచులను పట్టించుకోకుండా, ప్రతి గీతకూ నడిమధ్యగా కలం నడిచినట్టు ఒక రేఖ గీస్తాను. ‘ర’ అయితే వట్రువ ఒక రేఖ, తలకట్టు ఇంకో రేఖ. ఆ రేఖకు మందం ఇచ్చి శాటిన్‌గా, అంటే గీతకు అడ్డంగా దగ్గరదగ్గరగా పడే కుట్టుగా, మారుస్తాను. ఇంక్‌స్కేప్‌కు అనుబంధంగా వచ్చే ఇంక్‌స్టిచ్‌లో గీతను శాటిన్‌గా మార్చే ఆదేశం నేరుగా ఉంది; అదీ ఉచితమే. మీ సాఫ్ట్‌వేర్‌లోనూ రేఖకు వెడల్పు ఇచ్చి శాటిన్ చేసే పనిముట్టు ఏదో ఒక పేరుతో ఉంటుంది, వెతకండి. ఇలా చేస్తే కుట్టు దానంతట అదే గీతకు అడ్డంగా తిరుగుతూ పోతుంది. చూసేవారికి కలంతో రాసిన అక్షరంలా మెరుస్తుంది. ఆటో డిజిటైజ్ చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. దానికి గీత అని తెలియదు, రంగు ఉన్న మేర అని మాత్రమే తెలుసు. కాబట్టి అక్షరాన్ని పొలం దున్నినట్టు ఒకే దిక్కున దున్నేస్తుంది.

అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయాయన్నారు. మా షాపులో ఆ ఖాళీని అక్షరం కడుపు అంటాం. తెలుగు అక్షరమంటేనే వట్రువలు కాబట్టి ఇంగ్లీషు పనివారికి అరుదుగా వచ్చే కష్టం మనకు ప్రతి అక్షరంలోనూ వస్తుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. ఒక చిన్న సున్నా తీసుకుందాం. కడుపు 2 మి.మీ., గీత మందం 1.5 మి.మీ. అంటే బయటి వ్యాసం 5 మి.మీ. బయటి చుట్టుకొలత దాదాపు 15.7 మి.మీ., లోపలిది 6.3 మి.మీ. మామూలు 40 నంబరు దారానికి (మన దగ్గర 120/2 రేయాన్ అని అమ్మేది అదే) కుట్ల మధ్య దూరం 0.40 మి.మీ. పెడతాం. బయటి అంచున ఆ లెక్కతో 39 వరుసలు పడతాయి. ఆ 39 వరుసలే లోపలి అంచున 6.3 మి.మీ.లో సర్దుకోవాలి. అక్కడ దూరం 0.16 మి.మీ. అయిపోతుంది. సుమారు 0.4 మి.మీ. లావున్న దారం 0.16 మి.మీ. చోటులో ఎలా పడుతుంది? ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. కడుపులోకి ఉబ్బుతుంది, సూది అదే చోట పదే పదే దిగి గుడ్డను కోస్తుంది, దారం తెగుతుంది. మీరు దాన్ని టెన్షన్ (దారం బిగువు) సమస్య అనుకుని మెషీనును తిప్పుతూ కూర్చుంటారు.

దీనికి మూడు పనులు చేస్తాను. మొదటిది, మలుపుల దగ్గర కుట్లను ఒకటి విడిచి ఒకటి పొట్టిగా చేసే ఏర్పాటును ఆన్ చేస్తాను; ప్రతి రెండో కుట్టు లోపలి అంచు దాకా రాకుండా మధ్యలోనే ఆగుతుంది, అప్పుడు పై లెక్కలో 0.16 కాస్తా 0.32 అవుతుంది. రెండోది, చిన్న వట్రువలకు దూరాన్ని 0.45 దాకా సడలిస్తాను. మూడోది చాలామంది చేయనిది: బొమ్మలోనే కడుపును కావలసినదానికంటే పెద్దదిగా గీస్తాను. కంప్యూటర్ తెర మీద చూస్తే అక్షరం కాస్త బోలుగా, వికారంగా ఉంటుంది. గుడ్డ మీద సరిగ్గా దిగుతుంది. పుల్ కాంపెన్సేషన్ విషయంలో కూడా ఇక్కడే జాగ్రత్త పడాలి. శాటిన్ కుట్టు గుడ్డను రెండువైపుల నుంచి లాక్కుని సన్నబడుతుంది కాబట్టి గీతను కాస్త లావు చేసి పంపడం అందరికీ తెలిసిన పద్ధతి. కానీ రెండు అంచులకూ సమానంగా లావు చేస్తే లోపలి అంచు కడుపును తినేస్తుంది. రెండు అంచులకు వేర్వేరు కొలతలు ఇవ్వనిచ్చే సాఫ్ట్‌వేర్ అయితే (ఇంక్‌స్టిచ్ ఇస్తుంది) బయటివైపు 0.2 ఇచ్చి లోపలివైపు సున్నా పెట్టండి.

కింద వేసే పునాది కుట్టు, అంటే అండర్‌లే, గీత మందాన్ని బట్టి ఉండాలి. 2 మి.మీ. లోపు గీతకు నడిమధ్య ఒక్క రన్నింగ్ (ఒకే వరుసగా నడిచే సాదా కుట్టు) చాలు. 2 నుంచి 4 దాకా రెండు అంచుల వెంట రన్నింగ్, ఆపైన జిగ్‌జాగ్ కూడా. సన్నని గీతకు జిగ్‌జాగ్ అండర్‌లే వేసి, పైన దారం ఎందుకు చిందరవందరగా ఉందని అడిగేవారిని చూస్తుంటాను. పునాది గోడ కంటే లావుగా ఉంటే అంతే.

ఇక ఒత్తులు, తలకట్లు, చుక్కలు. వీటి దగ్గర నా చేయి కాలింది కాబట్టి కొంచెం ఎక్కువగా చెబుతాను. కొత్తలో ఒక జాకెట్టు మీద ‘మాధవి’ అనే పేరు చేశాను, ఆటో డిజిటైజ్‌తోనే. మరీ చిన్న ముక్కలను చెత్త అనుకుని వదిలేసే అమరిక అందులో ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ధకారం అడుగున ఉండే చిన్న నిలువు గీతను అది చెత్తలో కలిపేసింది. నేను చూసుకోలేదు, టైలరు చూసుకోలేదు. పెళ్లికి రెండు రోజుల ముందు పిల్ల తల్లి జాకెట్టు విప్పి చూసి, ‘మా అమ్మాయి మాదవి ఎప్పుడైంది?’ అన్నారు. విప్పి మళ్లీ కుట్టాను, పట్టు మీద సూది గుర్తులు పోలేదు. దాని మీద ఒక వరుస పూసలు కుట్టించి పంపాను. అప్పటి నుంచి పంచింగ్ పూర్తయ్యాక అక్షరాలను చదవను, లెక్కపెడతాను: ధ, భ, ఫ అడుగు గీతలు, థ, ఠ కడుపులోని చుక్కలు, ష లోపలి గీత. తెలుగు చదవగలిగిన కన్ను లేనిదాన్ని కూడా ఊహించుకుని చదివేస్తుంది, నమ్మకూడదు.

ప, ఫ, ష, స, హ వంటి అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటుకోదు, పైన విడిగా తేలుతుంది. మీ ‘ప్రసన్న’లో మొదటి రెండు అక్షరాలూ ఇవే. గుడ్డ కాస్త లాగితే తలకట్టు కిందికి జారి పకారాన్ని తాకుతుంది. అప్పుడది ‘వ’కారంలా కనిపిస్తుంది, పేరు ‘వ్రసన్న’ అవుతుంది. అందుకని తలకట్టుకూ కింది భాగానికీ మధ్య ఖాళీ కనీసం 1 మి.మీ. ఉండేలా బొమ్మలోనే పైకి జరపండి. పైగా విడి ముక్క అంటే మెషీను అక్కడికి ఎగరాలి, దారం కట్ చేయాలి, మళ్లీ ముడి వేసుకుని మొదలుపెట్టాలి. చిన్న అక్షరాల్లో ఆ ముడులే గడ్డల్లా కనిపిస్తాయి. ముక్కల వరుసను జాగ్రత్తగా అమర్చితే చాలా కటింగులు తగ్గుతాయి. ఒక అక్షరం ఒంటిని, ఆ వెంటనే దాని గుణింతాన్ని, ఒత్తును పూర్తిచేసి తర్వాతి అక్షరానికి వెళ్లండి. ముక్క ఎక్కడ ముగుస్తుందో అక్కడికి దగ్గరగా తర్వాతి ముక్క మొదలయ్యేలా పెట్టండి. తర్వాత శాటిన్ కప్పబోయే చోటు అయితే కట్ చేయకుండా కిందనుంచే రన్నింగ్‌తో నడిచి వెళ్లవచ్చు. అన్ని తలకట్లనూ చివర్లో ఒక్కసారి వేద్దామనే తెలివి మాత్రం వద్దు. అప్పటికి గుడ్డ కదిలి ఉంటుంది, తలకట్టు పక్కవాడి నెత్తిన పడుతుంది.

‘లక్ష్మీ’లోని ‘క్ష్మీ’ దగ్గర ఆగండి. క్షకు అడుగున మకారపు ఒత్తు, పైన గుడిదీర్ఘం. మొత్తం రాత ఎత్తు 15 మి.మీ. పెడితే, ఫాంటులో ఒత్తు సగం పరిమాణంలో ఉంటుంది కాబట్టి దాని గీత 0.6, 0.7 మి.మీ.కు దిగిపోతుంది. 40 నంబరు దారంతో 1 మి.మీ. కంటే సన్నని శాటిన్ నమ్మదగినది కాదు. ఇక్కడ మనకు ఒక స్వేచ్ఛ ఉంది. ఒత్తును ఫాంటు గీసినంత చిన్నగా, సన్నగా ఉంచాలని ఎవరూ శాసించలేదు. గోడల మీద బోర్డులు రాసే పెయింటర్లను చూడండి, ఒత్తుకు కూడా అదే కుంచె, అదే మందం. నేనూ అంతే: ఒత్తు గీతను ఒంటి గీత మందానికే తెచ్చి, ఒత్తును మూడో వంతు పెద్దది చేసి, అక్షరం అడుగు నుంచి కాస్త కిందికి జరుపుతాను. అయినా చోటు చాలకపోతే 60 నంబరు సన్నదారం, 65/9 సూది వాడి శాటిన్‌ను 0.8 దాకా దింపవచ్చు. అంతకంటే చిన్న రాత కావాలంటే శాటిన్ మానేసి, ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడిచే రన్నింగ్ కుట్టుతో రాయండి. పసిపిల్లల బట్టల మీద అది చేత్తో కుట్టినట్టే ఉంటుంది. నా అనుభవంలో ఒత్తులున్న తెలుగు పేరుకు, శాటిన్‌లో, ఒత్తును వదిలి అక్షరం ఒంటి ఎత్తే 10 నుంచి 12 మి.మీ. ఉండాలి. ఇంగ్లీషు 5 మి.మీ.లో వచ్చింది కదా, తెలుగు ఎందుకు రాదని అడుగుతారు. రాదని చెప్పండి.

జాకెట్టు మీద జరీ దారం అడిగారా అన్నది మీరు రాయలేదు. అడిగే ఉంటారు. జరీకి కన్ను పెద్దదైన 90/14 సూది, మెషీను వేగం నిమిషానికి 500, 600 కుట్ల మధ్య, కుట్ల దూరం 0.45 నుంచి 0.50. అర మిల్లీమీటరు కంటే పొట్టి కుట్లను సాఫ్ట్‌వేర్‌లోనే తీసేయించండి, జరీ తెగేది ఎక్కువగా వాటి దగ్గరే. ఒత్తుల మేర మాత్రం అదే రంగు రేయాన్‌తో కుట్టి, ఒంటిని జరీతో కుట్టడం నేను తరచూ చేసే చిన్న మోసం. ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు.

అడ్డుతెరది వేరే ప్రపంచం. అక్కడ 12 సెం.మీ. ఎత్తు అక్షరాలు వేస్తే గీత మందమే 15 మి.మీ. దాటుతుంది. 7 మి.మీ. దాటిన శాటిన్ వదులుగా వేలాడి గాజులకు, ఉంగరాలకు పట్టుకుంటుంది. కాబట్టి అక్కడ టాటామి ఫిల్, అంటే మేరంతా వరుసలుగా నింపే కుట్టు, వేయాలి. జపానువారి చాప పేరది, కుట్టు కూడా చాప నేతలాగే ఉంటుంది. ఈసారి కలం నడకను మరిచిపోయి అన్ని అక్షరాలకూ ఒకే కోణం, 45 డిగ్రీలు, పెట్టండి. లేకపోతే దీపాల వెలుతురులో ఒక్కో అక్షరం ఒక్కో రంగులా కనిపిస్తుంది. ఫిల్ కుట్టు తన దిక్కుగా గుడ్డను లాగుతుంది, గుండ్రటి ‘ర’ మిల్లీమీటరో రెండో కుదించుకుని కోడిగుడ్డు అవుతుంది. తర్వాత వేసే శాటిన్ అంచుకూ ఫిల్‌కూ మధ్య గుడ్డ బయటపడేది అందుకే. ఫిల్‌ను అంచు కిందికి కనీసం 1 మి.మీ. చొప్పించండి.

కుట్ల లెక్క ముందే తెలిస్తే ధర చెప్పడం తేలిక. కుట్టు పొడవు 4 మి.మీ., వరుసల దూరం 0.4 మి.మీ. అయితే ఒక్కో కుట్టు 1.6 చదరపు మి.మీ. కప్పుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 62 కుట్లు. ‘శ్రీరస్తు శుభమస్తు’లో ఏడు అక్షరాలు, ఒక్కోదానిలో దారం నిండే మేర సగటున 35 చదరపు సెం.మీ. అనుకుంటే ఫిల్‌కే 15 వేల పైచిలుకు కుట్లు, అండర్‌లే, అంచు కలిపి 22 వేల నుంచి 25 వేలు. పట్టు మీద నిమిషానికి 700 వేగంతో నడిపితే ఉత్త కుట్టుకే అరగంట దాటుతుంది. ఫ్రేమ్ మార్చే సమయం దీనికంటే ఎక్కువ. తెర పలచని పట్టు అయితే ఇంత దారం మోయలేదు. అప్పుడు ఆప్లిక్ చేయండి. మెషీను మొదట అక్షరం ఆకారాన్ని రన్నింగ్‌తో గీస్తుంది, దాని మీద టిష్యూ గుడ్డ ముక్క పరిచి మళ్లీ కుట్టించి, మిగులు కత్తిరించి, అంచుకు శాటిన్ వేయించాలి. కుట్లు సగానికి పైగా తగ్గుతాయి, ముడతలు రావు, మెరుపు రెట్టింపు. నన్ను అడిగితే అడ్డుతెరకు ఇదే మేలు.

మీ ఫ్రేములో ఒకేసారి రెండో మూడో అక్షరాలే పడతాయి. తెర మీద ముందుగా సుద్దతో పొడవునా గీత గీసుకోండి. ప్రతి ముక్క డిజైనుకూ మొదట్లో, చివర్లో చిన్న కూడిక గుర్తును పొడవాటి రన్నింగ్ కుట్టుతో పెట్టండి. ముందు ముక్క చివరి గుర్తు మీద తర్వాతి ముక్క మొదటి గుర్తు సూది సరిగ్గా దిగితే వరుస కలిసినట్టే. తర్వాత ఆ గుర్తులను లాగేయవచ్చు. మధ్య అక్షరాలతో మొదలుపెట్టి రెండువైపులకూ వెళ్లండి, ముడత పుట్టినా అంచుకు జారిపోతుంది.

ఇంకొకటి. అడ్డుతెరకు రెండువైపులా మనుషులు ఉంటారు. ఇటు అబ్బాయి, అటు అమ్మాయి, జీలకర్ర-బెల్లం ముహూర్తం దాకా తెరనే చూస్తూ కూర్చునేవారు వాళ్లే. ఒకవైపు ‘శ్రీరస్తు శుభమస్తు’ అయితే రెండోవైపు తిరగబడ్డ అక్షరాలు, తెల్ల బాబిన్ దారం (మెషీను అడుగు దారం), గుడ్డ కింద ఊతంగా పెట్టే బ్యాకింగ్ పేపరు. కెమెరా అటువైపు కూడా ఉంటుంది. బాబిన్‌లో పై దారం రంగే వేయడం తక్కువ ఖర్చు మార్గం. వెనక లైనింగ్ గుడ్డ వేయడం సరైన మార్గం. లైనింగ్ ధర ముందే కలిపి చెప్పండి, తర్వాత అడిగితే ఇవ్వరు.

ఆటో డిజిటైజ్ వల్లనే ముడతలు వచ్చాయనుకోకండి, సగం తప్పు బ్యాకింగుది. పట్టుకు చింపితే ఊడే రకం పేపరు కాకుండా, కత్తిరించి తీసే రకం వేయండి. గుడ్డను ఫ్రేములో బిగించాక లాగి సాగదీయకండి; సాగిన గుడ్డ మీద కుట్టి ఫ్రేమ్ విప్పితే అది వెనక్కి ముడుచుకుంటుంది, అక్షరం చుట్టూ అలలు లేస్తాయి. టెన్షన్ సరిగా ఉందో లేదో శాటిన్ వెనక్కి తిప్పి చూడండి: బాబిన్ దారం మధ్యలో మూడో వంతు కనిపించాలి.

ఫైలు సంగతి. మెషీనుకు ఇచ్చే డీఎస్‌టీ ఫైలులో సూది ఎటు ఎంత కదలాలి, ఎక్కడ ఎగరాలి, ఎక్కడ రంగు మార్చాలి అన్నదే ఉంటుంది, 0.1 మి.మీ. కొలతలో, ఒక్కో కదలిక 12.1 మి.మీ. దాటకుండా. అది అక్షరమని గానీ, గీత మందమని గానీ, ఏ రంగు దారమని గానీ దానికి తెలియదు. రేపు ఇంకో పెళ్లివారు అదే తెర పెద్ద అక్షరాల్లో అడిగితే డీఎస్‌టీని సాగదీయకండి, కుట్లు పలచబడి గుడ్డ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ సొంత ఫైలును వేరుగా దాచుకుని, దానిలో పరిమాణం మార్చి కొత్త డీఎస్‌టీ తీయండి. పంచింగ్ చేసిన ప్రతి తెలుగు ముక్కనూ కూడా దాచుకోండి. నేను గుణింతాలన్నీ ఒకేసారి చేసిపెడదామని ఒక వేసవి కూర్చున్నాను, ‘ఖ’ దాటలేదు. ఆ తర్వాత పేర్లు వచ్చినప్పుడల్లా వచ్చిన ముక్కను దాచుకుంటూ పోయాను. అక్షరాల ఒళ్లు, గుణింతాలు, ఒత్తులు వేర్వేరుగా ఉంచితే ఆరు నెలల్లో సగం పేర్లు ఉన్న ముక్కలతోనే కూర్చవచ్చు.

చివరి పని మెషీను దగ్గర కాదు. పెళ్లివారు పేర్లను వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో పంపుతారు. దాన్నిబట్టి మీరు తెలుగులో రాయకండి. ‘లక్ష్మి’ పొట్టిదా ‘లక్ష్మీ’ పొడుగుదా ఇంగ్లీషు స్పెల్లింగులో తెలియదు, ముందు ‘చి. ల. సౌ.’ ఉండాలా వద్దా అన్నదీ తెలియదు. పెళ్లిపత్రిక ఫొటో తెప్పించుకోండి. బొమ్మను అసలు పరిమాణంలో కాగితం మీద ముద్రించి, ఇంట్లో పెద్దవారి చేత చదివించి, దాని మీదనే సంతకం తీసుకోండి. ఆ తర్వాత అదే రకం గుడ్డ ముక్క మీద ‘క్ష్మీ’ ఒక్కటి కుట్టి చూడండి. అది వస్తే మిగతా పేరంతా వస్తుంది. రాకపోతే ఆ ముక్కను వెనకా ముందూ ఫొటో తీసి, మీరు పెట్టిన దూరం, అండర్‌లే వివరాలతో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.